ఒక్క పూట గీత

గోల్ఫ్ మైదానంలో గీతలకు కొదవేం లేదు. హద్దు దాటే చోట తెల్ల గీత. చెరువుల అంచున, వాగుల అంచున పసుపో ఎరుపో. మరమ్మతులో ఉన్న నేల చుట్టూ మళ్ళీ తెలుపు. తీరా ఆట తేలే చోట, గుంత చుట్టూ పరిచిన నున్నటి పచ్చికలో మాత్రం ఒక్క గీతా కనబడదు. ఆ జాగాని గ్రీన్ అంటారు. అక్కడి గడ్డిని 3 మిల్లీమీటర్ల దాకా దించి, ఇంచుమించు రోజూ కోస్తారు. కాళ్ళీడ్చుకుంటూ నడిస్తే తోటి ఆటగాళ్ళు మొహం చిట్లిస్తారు. పైనుంచి పడ్డ బంతి సొట్ట పెడితే, ఎంతటి కోటీశ్వరుడైనా తన సొట్టను తానే వంగి సరిచేసి పోవాలి. డబ్బున్నవాళ్ళను ఇంతగా వంగదీసే నేల గుడి తర్వాత ఇదేననుకుంటాను.

అంత అపురూపమైన చోట కూడా అప్పుడప్పుడూ ఎవరో ఒకరు గీత గీయాల్సి వస్తుంది. పోటీల రోజున.

కంపెనీలు, సేవాసంస్థలు పెట్టే గోల్ఫ్ పోటీల్లో అసలు ఆటకి తోడు చిల్లర పందేలు కొన్ని ఉంటాయి. ఎక్కువ దూరం కొట్టినవాడికి ఒకటి, జెండాకి దగ్గరగా వేసినవాడికి ఒకటి. ఫెయిర్‌వే అనే పచ్చిక బాట నడుమ పొడుగ్గా గీత లాగి, దానికి అతి దగ్గరగా బంతి ఆపినవాడికి ఇంకొకటి. జనానికి అన్నిటికన్నా సరదా వలయం పందెం. గ్రీన్ మీద జెండా చుట్టూ గుండ్రంగా గీస్తారు. 150 గజాల అవతలి నుంచి కొట్టిన బంతి అందులో ఆగితే బహుమతి. కొన్నిచోట్ల ఆటగాడు ముందే కొంత డబ్బు పెడతాడు. బంతి లోపల ఆగితే రెట్టింపు, బయటపడితే ఆ సొమ్ము సేవానిధికి.

ఇప్పుడు ఆ వలయం గీసేవాడి ఇరకాటం చూడండి. 150 గజాల నుంచి కనబడాలి, అంటే చిక్కగా ఉండాలి. బంతి దాని మీదుగా దొర్లితే దారి మారకూడదు, అంటే పల్చగా ఉండాలి. రేపు పొద్దున క్లబ్బు సభ్యులు ఆటకొచ్చేసరికి ఆనవాలు లేకుండా పోవాలి, అంటే అసలు అంటుకోనే కూడదు. మూడు షరతులూ ఒకదాని గొంతు ఒకటి పట్టుకుంటాయి.

మా బావమరిది పనిచేసే కంపెనీ హైదరాబాద్‌లో అలాంటి పోటీ ఒకటి పెట్టింది. నేను గోల్ఫ్ ఆడను, ఆ కర్ర సరిగ్గా పట్టుకోవడం కూడా రాదు. ఊరికే కూచోలేక ముందురోజు సాయంత్రం వాడి వెంట వెళ్ళాను. అక్కడ గ్రీన్లు చూసుకునే పెద్దాయన ఒకరున్నారు, పాలమూరు వైపు మనిషి. బ్యానర్లు ఎక్కడ కట్టాలో చెప్పినంత తేలిగ్గా మావాడు, "సున్నంతో గుండ్రంగా గీసెయ్ అన్నా" అన్నాడు.

"సున్నమా? కాలిపోతది సార్" అన్నాడాయన. "మీ పందెం ఒక్క పూట. మచ్చ రెండు నెల్లుంటది."

నేను చెప్పదలచుకున్నదంతా చాలావరకు ఆ రెండు ముక్కల్లోనే ఉంది. మిగతాది, ఆయన చేతిపని చూశాక నాకు తట్టిన సంగతులు.

తడిసిన సున్నం ఘాటైన క్షారం. అంత పొట్టిగా కోసిన గడ్డికి దాన్ని తట్టుకునే ఒళ్ళు ఉండదు. ఒకప్పుడు అమెరికాలో ఆటస్థలాల గీతలకు ఈ సున్నమే విరివిగా వాడేవారు. కిందపడ్డ ఆటగాళ్ళకు చర్మం కాలడం, కళ్ళు మండడం చూశాక సుద్దపొడికీ నీటి రంగులకీ మళ్ళారు. మన బడుల్లో కబడ్డీ కోర్టుకి సున్నం, అది లేకపోతే ముగ్గుపిండి, అదీ లేకపోతే పొయ్యిలో బూడిద. మట్టినేల గనక అన్నీ చెల్లిపోయాయి. చెడటానికి అక్కడ గడ్డంటూ ఉంటేగా!

మరి గ్రీన్ మీద ఏం వాడాలి? మైదా చవక, తెల్లగా ఆనుతుంది కూడా. కానీ తడి తగిలితే జిగురు, ఎండితే పెచ్చు, ఈలోగా చీమలకు విందు. గడ్డి కోసమని అమ్మే స్ప్రే రంగు ఉంది, డబ్బాను తలకిందులుగా పట్టి చల్లుతారు. అది గడ్డిని చంపదు గానీ ఆకు మీద ఎండి బిరుసెక్కుతుంది. గాలిలో ఎగిరొచ్చే బంతికి ఆ బిరుసుతో పనిలేదు. చివరి రెండడుగులు ప్రాణం ఉగ్గబట్టుకుని దొర్లే బంతికి మాత్రం తెలుస్తుంది. మందు కొట్టేవాళ్ళు ఎక్కడిదాకా కొట్టారో గుర్తుండటానికి ట్యాంకులో కలిపే నీలి రంగు ఇంకొకటి. ఎండకీ నీళ్ళకీ తొందరగానే వెలిసిపోతుంది. ఆరకముందు తొక్కితే బూట్లూ నీలమే, బంతీ నీలమే.

వీటన్నిటికన్నా నాకు నచ్చింది ఏ పదార్థమూ అక్కర్లేని గీత. టీవీలో క్రికెట్ చూసేటప్పుడు మైదానం మీద లేత పచ్చ, ముదురు పచ్చ పట్టీలు గమనించే ఉంటారు. అవి రెండు జాతుల గడ్డి కాదు. కోత యంత్రం వెనక రోలరు వంచిన వైపుని బట్టి, మనకు అవతలికి వాలిన ఆకు వెలుతురుని తిప్పికొట్టి లేతగా కనబడుతుంది, మనవైపు వాలిన ఆకు ముదురుగా. అంటే చీపురుతో గడ్డిని ఒరిగించి కూడా గీత తేవచ్చన్నమాట. కానీ గ్రీన్ మీది గడ్డి మరీ పొట్టిది, వంచడానికి అందులో ఏముంది? పైగా ఆ గీత ఒకవైపు నుంచి కనబడితే రెండోవైపు నుంచి కనబడదు. డబ్బు పందెంలో అలాంటి గీతను నమ్మేవాడెవడు!

పెద్దాయన సుద్దపొడి ఎంచుకున్నారు. అదీ గీతగా కాదు, అడుగుకో చుక్క. "దూరంకెల్లి చూస్తే చుక్కలన్నీ కలిసే కనబడ్తయి సార్, గడ్డికి భారం లేదు" అన్నారు. సంక్రాంతి ముగ్గు పెట్టేవాళ్ళందరికీ తెలిసిన సంగతే ఇది. చుక్కలు సరిగ్గా పడితే గీత దానంతటదే కంటికి కనబడుతుంది. వన్డే క్రికెట్‌లో 30 గజాల వలయాన్ని కూడా చాలా మైదానాల్లో ఇలాగే చుక్కచుక్కగా తెల్ల బిళ్ళలు పేర్చి చూపిస్తారు.

"ఇప్పుడే పెట్టెయ్ అన్నా, పొద్దున హడావుడి ఉంటుంది" అని మావాడు తొందరపెట్టాడు. ఆయన వినలేదు. రాత్రి మంచుకి పొడి ముద్దవుతుంది, పొద్దున కోత యంత్రం దాన్ని ఈడ్చుకుపోతుంది. కోత అయ్యాక, ఆకుల మీది తడి తుడిచాక పెట్టాలి. అందుకని ఆ సాయంత్రం తాడు కొలుచుకోవడం వరకే జరిగింది.

తాడు ముచ్చట కొంచెం చెప్పాలి. జెండా కర్రకి తాడు బిగించి కట్టి, రెండో కొస పట్టుకుని చుట్టూ తిరిగితే వలయం వస్తుందనే మనం అనుకుంటాం. రాదు. నడుస్తున్నకొద్దీ తాడు కర్రకి చుట్టుకుంటుంది. అర అంగుళం మందం కర్ర అయినా, ఒక్క చుట్టు తిరిగేసరికి తాడు అంగుళంన్నర తగ్గుతుంది. మొదలుపెట్టిన చోటికి వచ్చి చూస్తే రెండు కొసలూ కలవవు, అంగుళంన్నర తేడా. దానికితోడు తాడు లాగుడికి కర్ర ఒరిగి గుంత అంచు చెదురుతుంది. పెద్దాయన జెండా తీసి పక్కనపెట్టి, గుంతలో సరిగ్గా ఇమిడే చెక్క బిరడా దించి, దాని నడుమ మేకుకి తాడుని వదులుగా ఉచ్చు వేశారు. ఉచ్చు తిరుగుతుంది, తాడు చుట్టుకోదు. ఈ పని ఆయనకు ఎవరూ నేర్పలేదట.

ఈలోగా మావాడికి ఇంకో ఆలోచన వచ్చింది. 10 అడుగుల తాడు మరీ పిసినారిగా ఉంది, 15 చేద్దాం, ఐదడుగులే కదా అన్నాడు. నేను అప్పటిదాకా నోరు మెదపలేదు గానీ లెక్క దగ్గర ఆగలేకపోయాను. 10 అడుగుల తాడుతో వచ్చే వలయం లోపలి జాగా 314 చదరపు అడుగులు. 15 అడుగుల తాడుతో 707. తాడు సగం పెరిగితే జాగా రెట్టింపు దాటుతుంది, దాంతోపాటు బహుమతులు అందుకునేవాళ్ళూ పెరుగుతారు. వాడు ఫోను తీసి లెక్క వేసుకుని, కాసేపు మౌనంగా ఉండి, పైవాళ్ళతో మాట్లాడి, చివరికి 12 దగ్గర ఆగాడు. అంత జాగా సంగతి ఒక తాడు ముక్కతో తేలిపోవడం వాడికి నచ్చలేదని మొహం చూస్తే తెలిసింది.

ఇంత శ్రమ ఎందుకు, ఏటేటా పోటీ పెడతారు గనక శాశ్వతంగా ఒక వలయం ఉంచేయకూడదా అని నాకో సందేహం వచ్చింది. కుదరదు. గ్రీన్ మీద గుంత కూడా ఒక్కచోట ఉండదు. నడిచిన అడుగులకి ఒకేచోట గడ్డి నలిగిపోకుండా దాన్ని తరచూ, పోటీల్లో అయితే రోజూ, మారుస్తుంటారు. కొత్తచోట తవ్వగా వచ్చిన మట్టిముద్దను గడ్డితో సహా తెచ్చి పాత గుంతలో పూడ్చేస్తారు. స్కాట్లాండ్‌లో సెంట్ ఆండ్రూస్ క్లబ్బు 1891లో ఖాయం చేసింది గుంత కొలతనే, 4.25 అంగుళాలని. చోటుని ఎవరూ ఖాయం చేయలేదు. కేంద్రమే తిరుగుతున్నప్పుడు వలయం ఎక్కడ నిలుస్తుంది?

ఆ గడ్డి గురించి ఒక మాట. చలిదేశాల గ్రీన్ల మీద బెంట్ అనే సన్నగడ్డి పెంచుతారు. మన ఎండలకి అది నిలవడం కష్టం, అందుకని మన దగ్గర చాలాచోట్ల బెర్ముడా సంకరజాతులు వేస్తారు. బెర్ముడా అంటే ఏదో సముద్రాల అవతలి సరుకు అనిపిస్తుంది గానీ అది మన గరికే. ఆ సంకరజాతులు వినాయకచవితి నాడు దోసిళ్ళతో వేసే గరికకి చుట్టాలు. నేల మీద పాకుతూ కణుపు కణుపుకీ వేరు దించుతుంది, పైన కోస్తున్నకొద్దీ కింద అల్లుకుంటుంది. ఆకు కొసన అంటిన రంగు కోతలో తుంపులతో పాటే పోతుంది. గీతను భరించి మరిచిపోయే గుణం ఆ గడ్డిలోనే ఉంది. మనం దాన్ని వేరుదాకా కాల్చకుండా ఉంటే చాలు.

మర్నాడు పోటీలో అనుకున్నట్టే తగువు వచ్చింది. ఒకాయన బంతి సరిగ్గా రెండు చుక్కల నడుమ ఆగింది. లోపలా, బయటా?

గీత ఎవరి సొత్తు అన్న ప్రశ్నకి ఒక్కో ఆటది ఒక్కో జవాబు. కబడ్డీలో హద్దు గీత కోర్టులో భాగం. టెన్నిస్‌లో గీతను తాకిన బంతి లోపలే. క్రికెట్‌లో క్రీజు గీత అంపైరుదంటారు, బ్యాటు గీత మీద ఉంటే చాలదు, దాటి లోపలికి రావాలి. గోల్ఫ్ ఇంకా చిత్రం. ఒకే మైదానంలో తెల్ల హద్దుగీత బయటి లెక్క, చెరువు అంచున ఎర్రగీత చెరువు లెక్క. అంటే రెండుచోట్లా గీత ఆటగాడికి ఎదురుపక్షమే. కాకపోతే హద్దు దగ్గర ఒక దయ ఉంది. బంతిలో ఏ కొంచెం భాగం లోపలివైపు ఉన్నా బంతి లోపలున్నట్టే. పూర్తిగా దాటితేనే బయట.

ఈ వలయం సంగతి నియమాల పుస్తకంలో ఉండదు. అది పందెం పెట్టినవాళ్ళు ముందే చెప్పాల్సిన మాట. మావాళ్ళు చెప్పలేదు. బంతి 1.68 అంగుళాల గుండు, నేలను తాకే చోటు పెసరగింజంత. దాని బొజ్జ వలయం మీదికి వంగి ఉంది, పాదం బయట ఉంది. ఇద్దరు పాదం లెక్కన్నారు, నలుగురు బొజ్జ లెక్కన్నారు. చివరికి హద్దుగీత దగ్గరి దయే ఇక్కడా చూపిద్దామని ఒప్పుకుని, పెద్దాయనని పిలిచి, మళ్ళీ తాడు వేయించారు. తాడు కొస బంతికి తగిలింది. లోపలే.

నాకు అప్పుడు తోచింది. ఆ చుక్కలు 150 గజాల అవతల నిలబడ్డవాడి కంటికోసం. తీర్పు చెప్పింది తాడు. ఎన్నిసార్లు చెరిపినా మళ్ళీ అదే చోట గీయగల కొలత ఉన్నంతకాలం గీత చెరిగిపోతుందని ఎవరూ బెంగపెట్టుకోనక్కర్లేదు.

గోల్ఫ్‌లో ఇంకో గీత ఉంది, దాన్ని ఎవరూ గీయరు. బంతి నుంచి గుంతదాకా అది వెళ్ళబోయే దారి. ఆటగాళ్ళు గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి, వాలు చూసి, గడ్డి ఎటు పెరుగుతోందో చూసి మనసులో ఆ దారి గీసుకుంటారు. 2019లో నియమాలు మార్చేదాకా, కొన్ని మినహాయింపులు తప్ప, ఆ దారిని తాకితేనే శిక్ష, లెక్కలో రెండు దెబ్బలు అదనం. ఇప్పుడు తాకవచ్చు, కానీ దారి చూపించడానికి ఏ వస్తువూ గ్రీన్ మీద పెట్టకూడదు. తమాషా ఏమిటంటే, బంతి మీద గీత గీసుకోవచ్చు, దాన్ని గుంతవైపు తిప్పి పెట్టుకోవచ్చు కూడా. నేల మీద మాత్రం పనికిరాదు. సాధన చేసేటప్పుడు వడ్రంగులు వాడే రంగుదారాన్ని నేల మీద చిటికేసి గీత వేసుకుని, దానివెంట బంతిని దొర్లిస్తూ చెయ్యి కుదుర్చుకుంటారు. అదీ వాలు లేని చోట, తిన్నటి దారికే. అసలు ఆటలో వాలు ఉంటుంది, దారి వంకర తిరుగుతుంది, దారం అక్కడ చేతులెత్తేస్తుంది. ఈ కట్టడి నాకు సబబుగానే అనిపిస్తుంది. అందరికోసం గీసే గీత నేల మీద ఉండాలి, ఎవడి దారి వాడి తలలో ఉండాలి.

ఒక్క నిమిషం బతికే గీతకు పేరు తెచ్చింది ఫుట్‌బాల్. ఫ్రీకిక్ కొట్టేటప్పుడు ఎదుటి జట్టు 9.15 మీటర్ల దూరంలో నిలబడాలి. రిఫరీ వెనక్కి తిరగ్గానే అంగుళం అంగుళం ముందుకు జరగడం వాళ్ళకు వెన్నతో పెట్టిన విద్య. బ్రెజిల్‌కి చెందిన హైనె అలెమాన్య దీనికి మందుగా మాయమయ్యే నురగ తెచ్చాడు. రిఫరీ నడుముకి ఒక డబ్బా, గడ్డి మీద ఒక తెల్ల చార, ఇంచుమించు నిమిషంలో ఆవిరి. 2014 ప్రపంచకప్పులో లోకమంతా చూసింది. ఆ నిమిషంలో అంతంత పేరున్న ఆటగాళ్ళు ఆ నురగకి లోబడి బుద్ధిగా నిలబడటం చూస్తే నవ్వొస్తుంది.

మన దగ్గర ఇలాంటి ఒక్కరోజు గీతలు చట్టంలోనే ఉన్నాయి. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం పోలింగ్ రోజున కేంద్రానికి 100 మీటర్ల లోపల ఓట్లడగకూడదు. ఊళ్ళలో ఆ దూరం కొలిచి దారికడ్డంగా సున్నపు గీత వేస్తారు. కండువా వేసుకున్న పెద్దమనుషులంతా ఆ గీతకి అవతలే ఆగిపోతారు. మర్నాడు దాని మీదుగా గేదెలు నడిచిపోతాయి. ఎవరికీ చింత లేదు, దాని పని అయిపోయింది.

పని అయిపోయినా పోని గీతలతోనే తంటా. 2020లో రైతుబజార్ల ముందు, రేషను దుకాణాల ముందు, మందుల షాపుల ముందు మనిషికి మనిషికి ఎడం ఉండాలని వలయాలు గీశారు. సున్నంతో గీసినవి మొదటి వానకే పోయాయి. ఆయిల్ పెయింటుతో గీసినవి ఏళ్ళ తరబడి ఉన్నాయి. మా వీధిలో ఒక షాపు ముందు ఆ పసుపు వలయాల్లో తర్వాత స్కూటర్లు పెట్టేవారు, కుక్కలు పడుకునేవి. రోడ్లు మళ్ళీ వేసిన చోట్ల కొత్త గీత పక్కనే పాత గీత కనబడుతుంటుంది, బండి నడిపేవాడు ఏది నమ్మాలో తేల్చుకునేలోపే మలుపు వచ్చేస్తుంది. చచ్చిన గీతను రోజూ తొక్కి అలవాటుపడ్డ కాలు, బతికున్న గీత దగ్గరా ఆగదు. మనవాళ్ళు గీతలు లెక్కచేయరని విసుక్కునేవాళ్ళు ఈ సంగతి కూడా ఆలోచించాలి. గీయడానికి బడ్జెట్ ఉంటుంది, ప్రారంభోత్సవం ఉంటుంది, ఫోటో ఉంటుంది. చెరపడానికి ఇవేవీ ఉండవు.

పందెం అయ్యాక పెద్దాయన చేసిన పని అదే. మిగతావాళ్ళు భోజనాలకి వెళ్ళారు. ఆయన మెత్తటి చీపురుతో చుక్కలు చెదరగొట్టి, పైపుతో సన్నటి జల్లు కొట్టించి, బిరడా తీసి, జెండా పెట్టి పోయారు. బహుమతుల సభలో స్పాన్సర్ల పేర్లు చదివారు, వంటవాళ్ళకు చప్పట్లు కొట్టించారు. ఆయన పేరు జాబితాలో లేదు.

మీ కంపెనీ గానీ, మీ సంఘం గానీ ఇలాంటి పోటీ పెట్టే ఉద్దేశంలో ఉంటే మూడు పనులు చేయండి. బ్యానరు సైజు తేల్చుకునే ముందే గ్రీన్ చూసుకునే మనిషిని పిలిచి, దేనితో గీయాలో ఆయన్నే అడగండి. గీతను తాకిన బంతి లోపలో బయటో మొదటి బంతి కొట్టకముందే మైకులో చెప్పండి. గీసినందుకు ఎంత ఇస్తారో చెరిపినందుకూ అంతే ఇవ్వండి, ఆయన పేరు కూడా చదవండి.